మరి ఈ గుండె ఎవరిది?

కళ్లద్దాల షాపు వెనకగదిలో ఆవిడ ఒక అద్దాన్ని ఫ్రేముకు సరిపడేలా అరగదీస్తుండగా ముందుగదిలో ఒకాయన గొంతు లేచింది. కొత్త అద్దాలతో మెట్లు వంకరగా కనబడుతున్నాయట. అద్దం కోసిన మనిషిని పిలవమంటున్నాడు. ఆవిడ చేతులు తుడుచుకుని వెళ్లింది. దగ్గరికీ దూరానికీ కలిపి ఒకే అద్దం మొదటిసారి పెట్టుకుంటే కొన్నాళ్లు అలాగే ఉంటుందనీ, మెట్లు దిగేటప్పుడు గడ్డం కాస్త కిందికి వంచి చూడాలనీ చెప్పబోయింది. ఆయన వింటేనా.

"చేతకాకపోతే చేతకాదని చెప్పండి. ఈ కబుర్లు దేనికి?" అన్నాడు.

ఇరవై ఏళ్లుగా అద్దాలు కోస్తున్న మనిషికి ఆ మాట ముల్లులా దిగింది. అయినా ఆవిడ ముఖంలో నవ్వు చెదరనివ్వలేదు. అద్దాలు తీసుకుని, ముక్కు దగ్గర సర్ది, మళ్లీ ఆయన చేతికిచ్చి వెనకగదిలోకి వచ్చేసరికి బల్ల మీద ఫోను మోగుతోంది. భర్త.

"ఏమైంది?" అన్నాడు.

"ఏమవుతుంది?"

"నూటపద్దెనిమిది చూపిస్తోంది. కూర్చుని చేసే పనికి నూటపద్దెనిమిదేంటి?"

"ఒకాయన కేకలేశాడు. అంతే."

"ఎవడు వాడు?"

"ఎవరైతే మీకెందుకండీ. తగ్గిపోతుంది, పెట్టేయండి."

ఆయన పెట్టేసేలోగా కూతురి ఫోను అడ్డం వచ్చింది. కూతురు ఊరి అవతలి చివర వేరు కాపురం ఉంటోంది. "అమ్మా, బాగానే ఉన్నావా?" అంది. అదే ప్రశ్న, అదే జవాబు. అద్దాలాయన ముందు అంత కష్టపడి ముఖం మీద దాచుకున్న కోపం మణికట్టు మీది వాచీనుంచి మూడు ఫోన్లకి చేరిపోయింది. మూడోది అత్తగారిది. ఆవిడ ఫోను చెయ్యదు, సాయంత్రం ఇంటికి వెళ్లాక అడుగుతుంది. "పదకొండింటప్పుడు ఎవరి మీదమ్మా కోపం వచ్చింది?"

ఇదంతా మరిది పోయినప్పటినుంచి మొదలైంది. మరిదికి అప్పటికి నలభై నాలుగు. ఏ జబ్బూ లేదు. వారానికి రెండుసార్లు షటిల్ ఆడేవాడు. ఒక ఆదివారం కింద పడ్డ కాక్ తీయబోయి వంగినవాడు మళ్లీ లేవలేదు. పక్కన బెంచీ మీద అన్న కూర్చునే ఉన్నాడు. తమ్ముడు ఏదో జోకు వేస్తూ వంగాడని, తను నవ్వుతూనే ఉన్నానని, ఆ తర్వాత ఎన్నోసార్లు ఎవరూ అడగకుండానే చెప్పాడు.

ఆ నెలలోనే ఇంటిల్లిపాదికీ పరీక్షలు చేయించాడు. ఆవిడకి గుండె బాగానే ఉందన్నారు, షుగరు మాత్రం గడప దగ్గర నిలబడి లోపలికి రావాలా వద్దా అని చూస్తోందన్నారు. నడవమన్నారు. ఆవిడ పొద్దున్నే మునిసిపాలిటీ మైదానానికి వెళ్లడం మొదలుపెట్టింది. నడక కొన్నాళ్లకి పరుగైంది. పరుగంటే పెద్ద పరుగేం కాదు, పక్కనుంచి వీధికుక్క నడుచుకుంటూ దాటిపోయేది. కానీ ఆ మట్టి దారి మీద చుట్లు కొడుతున్నంతసేపూ ఆవిడని ఎవరూ ఏదీ అడిగేవారు కాదు. కిటికీ లేని వెనకగదికీ, ముగ్గురు తిరిగే రెండు గదుల ఇంటికీ మధ్య ఆవిడకంటూ దొరికిన చోటు అదొక్కటే.

ఆవిడ పరిగెడుతోందని తెలిసిన రోజునుంచి భర్తకి కంటి మీద కునుకు లేదు. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఒకరోజు ఒక వాచీ కొనుక్కొచ్చి ఆవిడ చేతికి పెట్టి, ఎదురుగా కూర్చుని లెక్క చెప్పాడు.

"రెండువందల ఇరవైలోంచి వయసు తీసెయ్యాలి. నీకు నలభై తొమ్మిది. అంటే నూటడెబ్భై ఒకటి. అదీ నీ కెపాసిటీ. అది దాటితే ఇది మోగుతుంది, మాకూ మోగుతుంది. వెంటనే ఆగిపోవాలి. ఊరికే కూర్చున్నప్పుడైతే నూటపది దాటినా మా ఫోన్లు మోగుతాయి."

"ఈ లెక్క ఎవరు చెప్పారు?"

"అందరూ చెబుతున్నారు. ఎక్కడ చూసినా అదే ఉంది."

మొదట్లో ఆవిడకి ముచ్చటగానే ఉంది. తన గుండె గురించి ఇంతమంది ఇంత ఆలోచిస్తున్నారని. మూడు నెలలు తిరిగేసరికి ముచ్చట తీరిపోయింది. భార్యాభర్తలు మాటామాటా అనుకుంటే ఆయన ఆవిడ ముఖం చూడకుండా ఫోను చూసేవాడు. "సరే సరే, నువ్వు ముందు శాంతించు, తొంభై ఎనిమిదికి వెళ్లింది" అనేవాడు. కోప్పడే వీలు కూడా లేకుండా పోయింది ఆవిడకి. టీవీలో సీను చూసి కంగారుపడితే తెలిసిపోయేది. పాత స్నేహితురాలు ఫోను చేస్తే తెలిసిపోయేది. పడుకున్నాక మెలకువ వచ్చినా, పొద్దున్నే "సరిగా నిద్రపోలేదే?" అని అడిగేవారు. లోపల జరిగేది లోపలే ఉండటం మనిషికి ఎంత అవసరమో, అది పోయాక గానీ తెలియదు.

ఒకసారి కావాలనే వాచీ ఇంట్లో వదిలేసి వెళ్లింది. రెండో చుట్టు పూర్తయ్యేసరికి లిఫ్టు కంపెనీ వ్యాను మైదానం గేటు ముందు ఆగింది. భర్త చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చాడు. అందరి ముందూ వాచీ ఆవిడ చేతికి పెట్టి, "మరిచిపోయినట్టున్నావు" అన్నాడు. ఆ బోసి కాళ్లు చూశాక ఆవిడకి తిట్టడానికీ నోరు రాలేదు, ఊరుకోవడానికీ మనసొప్పలేదు. కుడితిలో పడ్డ ఎలుకలా అయింది.

మైదానంలో ఆవిడకి ఒక జోడీ ఉంది, బ్యాంకులో పనిచేసే ఆవిడ. ఇద్దరిదీ ఒకటే వయసు. ఒకళ్లనొకళ్లు వదినా అని పిలుచుకునేవారు. పక్కపక్కన పరిగెడుతూ బ్యాంకావిడ తన మేనేజరు మీద చాడీలు చెబుతుంటే ఈవిడ మధ్యమధ్య వాటికి ఉప్పూ కారం జోడించేది. ఇద్దరికీ మాట తడబడేది కాదు, ఆయాసం వచ్చేది కాదు. కానీ బ్యాంకావిడ వాచీ నూటనలభై ఆరు చూపిస్తే, ఈవిడది నూటడెబ్భై దగ్గర ఊగిసలాడేది. మేనేజరు కథ సరిగ్గా రసపట్టులో పడేసరికి మోగేది. ఈవిడ ఆగి నడవాలి. లేకపోతే ఫోను వస్తుంది.

"వదినా, నీకు రొప్పు వస్తోందా?" అని అడిగింది బ్యాంకావిడ ఒకరోజు.

"లేదు. పాట పాడమన్నా పాడతాను."

"మరి ఇదేంటి ఇలా ఏడుస్తుంది?"

"దానికి నా వయసు నచ్చలేదు."

"ఇలా ఇవ్వు. నేను పెట్టుకుంటాను. నీది నాకు, నాది నా సంచిలో. మీ ఆయనకి నా అంకెలు వెళతాయి. ఆయనకీ హాయి, నీకూ హాయి."

ఆవిడ తటపటాయించింది. మరుసటి చుట్టులో వాచీ మళ్లీ మోగింది. తీసి ఇచ్చేసింది.

రెండు వారాలపాటు ఆవిడ పరిగెత్తింది. నిజంగా పరిగెత్తింది. అడ్డూ ఆపూ లేకుండా, చివరి చుట్టు కాస్త వేగం పెంచి, గుండె చెవుల్లో మోగుతుంటే విని, మళ్లీ నెమ్మదించి. ఇంటికి వెళితే భర్త గుమ్మంలోనే ఎదురొచ్చేవాడు. "చూశావా? నా మాట విని నిదానంగా పరిగెడితే ఎంత చక్కగా ఉందో. నూటయాభై దాటలేదు." కూతురికి ఫోను చేసి మరీ చెప్పాడు. ఆయన మెచ్చుకున్నప్పుడల్లా ఆవిడకి సవతిని మెచ్చుకుంటున్నట్టు ఉండేది. మైదానంలో దొరికిన హాయి గుమ్మం దాటేసరికి ఆవిరైపోయేది. ఇంతకుముందు నిజం దాచుకోవడానికి చోటు లేదు. ఇప్పుడు అబద్ధం దించుకోవడానికి చోటు లేదు.

మూడో వారంలో ఒక పొద్దున బ్యాంకావిడకి ఆలస్యమైంది. హడావుడిగా సంచి తీసుకుని, ఈవిడ వాచీ చేతికి ఉండగానే వెళ్లిపోయింది. ఈవిడకి షాపుకి వెళ్లాక గుర్తొచ్చింది. ఫోను చేస్తే, "అయ్యో, సాయంత్రం తెచ్చిస్తాను వదినా, ఇక్కడ ఊపిరాడటం లేదు" అంది. ఈవిడ పొడుగు చేతుల జాకెట్టు వేసుకుని ఉంది కదా, సాయంత్రం దాకా గడిచిపోతుందనుకుంది.

మధ్యాహ్నం షాపు మూశాక ఇంటికి వచ్చి భోజనాలు వడ్డించింది. భర్త కూడా వచ్చాడు. పొద్దుటినుంచి ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు ఆపి పని చేస్తున్నానని, ఏదో భాగం కోసం ఇంటికి వచ్చానని చెబుతూ, అలవాటుగా ఫోను కంచం పక్కన పెట్టుకున్నాడు. అత్తగారు ఎదురుగా కూర్చుంది. నాలుగు ముద్దలు తిన్నాడో లేదో, ఆయన చూపు ఫోను మీద ఆగింది.

"నూటముప్ఫై ఒకటి" అన్నాడు.

ఆవిడ గరిటె పట్టుకుని కుర్చీలో కూర్చుని ఉంది.

"నూటముప్ఫై ఎనిమిది" అన్నాడు. ఆవిడ వైపు చూశాడు. "నువ్వు కూర్చునే ఉన్నావు."

"ఊఁ."

"నూటనలభై నాలుగు." ఆయన గొంతు మారిపోయింది. ఎడమచేత్తో ఆవిడ చెయ్యి పట్టుకుని నాడి చూడటానికి జాకెట్టు చెయ్యి పైకి లాగాడు. మణికట్టు బోసిగా ఉంది. ఫోను మీద అంకె ఇంకా పెరుగుతోంది.

"మరి ఈ గుండె ఎవరిది?" అన్నాడు.

ఆవిడకి దాచే ఓపిక లేకపోయింది. "బ్యాంకు వదినది."

"ఆవిడకేమైంది?"

"ఏమవుతుంది, మెట్లెక్కుతూ ఉంటుంది. మీరు లిఫ్టు ఆపారన్నారే, ఆ ఆఫీసు ఆవిడదే అయ్యుంటుంది."

అత్తగారు నమలడం ఆపింది. "అయితే రెండు వారాలనుంచీ నేను రోజూ చూస్తున్నది పరాయి మనిషి గుండెనా?" అని, కాసేపు ఆలోచించి, "ఎవరిదైతేనేం, నిక్షేపంలా ఉంది" అంది.

భర్త కంచం పక్కకి తోశాడు.

"నన్ను ఇంత మోసం చేస్తావా? నేను ఏం పాపం చేశానని? నువ్వు బాగుండాలనేగా?"

"నేను బాగున్నాను. బాగున్నానని చెబితే మీరు నమ్మరు. వాచీ చెబితే నమ్ముతారు. అందుకే మీరు నమ్మేదాన్ని మీకిచ్చాను." ఆవిడ గొంతు కూడా లేచింది. "నాకు కోపం వస్తే అందరికీ తెలియాలి. భయం వేస్తే అందరికీ తెలియాలి. నేను మీతో పోట్లాడుతుంటే మీరు నా ముఖం చూసి ఎన్నాళ్లైంది? ఊపిరాడటం లేదండీ నాకు, గుండెజబ్బు వల్ల కాదు."

"ఆ అంకె దాటితే—"

"ఆ అంకె నాది కాదు. మా షాపుకి నలభై ఐదు దాటినవాళ్లు పదిమంది వస్తారు. వయసు అడిగి, ఈ పవరు ఉండొచ్చని అందాజాగా అనుకుంటాం. అనుకుని ఊరుకుంటామా? అద్దం కోసేముందు కళ్లు చూస్తాం. ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. అంతెందుకు, ఒకే మనిషి రెండు కళ్లూ ఒకలా ఉండవు. నా గుండెని చూడకుండానే నాకు లెక్క కట్టేశారు మీరు."

లేచి చెయ్యి కడుక్కున్నాడు. వెళ్లేముందు గుమ్మం దగ్గర నిలబడి, "అయితే చూపిద్దాం. డాక్టరు చూసి చెబితే వింటాను" అన్నాడు.

గుండె డాక్టరు ఆవిడ ఛాతీ మీద తీగలు అతికించి, కదిలే బెల్టు మీద నడిపించింది. బెల్టు కాస్త కాస్త ఎత్తు లేస్తూ, వేగం పెంచుకుంటూ పోయింది. నడక పరుగైంది. భర్త గోడకి ఆనుకుని నిలబడి తెర వైపే చూస్తున్నాడు. నూటడెబ్భై ఒకటి దాటింది. ఆయన ఒక అడుగు ముందుకేశాడు. డాక్టరు చెయ్యెత్తి ఆపింది. నూటఎనభై దాటింది. ఆవిడకి కాళ్లు బరువెక్కాయి, గొంతు ఎండింది, ఇక మాట రాదు, అయినా ఇంకొంచెం ఉంది అనిపించింది. ఆ ఇంకొంచెం కూడా అయిపోయాక చేత్తో సైగ చేసింది. తెర మీద నూటతొంభై ఉంది.

ఆవిడ చెమట తుడుచుకున్నాక డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"గుండె బాగుంది. ఈసీజీ గీతలో తేడా ఏమీ లేదు" అంది. "వయసు తీసేసే ఆ లెక్క చాలామందిని కలిపి తీసిన సగటు. ఒకే వయసువాళ్లలో పదీ పదిహేనూ అటూ ఇటూ ఉండటం మామూలే, ఇంకా ఎక్కువ తేడా ఉన్నవాళ్లూ ఉంటారు. ఈవిడది నూటతొంభై. మీరు చెప్పిన ఆ స్నేహితురాలిది నూటఅరవై ఐదే ఉండొచ్చు. ఎక్కువ ఉన్నంతమాత్రాన గట్టి గుండె కాదు, తక్కువైతే నీరసం గుండే కాదు. సాధన చేస్తే పెరిగేదీ కాదు. ఎత్తులాగా, ఎవరిది వారికి."

"అయితే ఇప్పుడు నూటతొంభై దాటకూడదన్నమాట" అన్నాడు భర్త.

డాక్టరు చిన్నగా నవ్వింది. "అది ప్రమాదం గీత కాదండీ. ఆవిడ గుండె ఎంత జోరుగా కొట్టుకోగలదో అంత. దాన్ని బట్టి ఏది తేలిక పరుగు, ఏది గట్టి పరుగు అని పంచుకుంటాం. ఎక్కువ రోజులు తేలిగ్గా పరిగెత్తాలి. మాట్లాడుతూ పరిగెత్తగలిగితే అది తేలికే, అంకె ఎంతైనా సరే. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఎప్పుడూ లేని ఆయాసం వస్తే మాత్రం ఆగిపోవాలి, అప్పుడూ అంకెతో పని లేదు. పైగా మణికట్టు వాచీలు ఒక్కోసారి గుండెని వదిలేసి అడుగులు లెక్కపెడతాయి."

"లిఫ్టులో ఎనిమిదిమంది అని రాస్తాం" అన్నాడు భర్త మెల్లగా. "తాడు అంతకు ఎన్నో రెట్లు మోస్తుంది. అది నాకు తెలుసు."

"తెలుసుగా మరి" అంది డాక్టరు.

"తాడుని నేను చేత్తో తడిమి చూస్తాను డాక్టరుగారూ. దీన్ని తడిమి చూడలేను."

డాక్టరు రిపోర్టు మడిచి ఆయన చేతిలో పెట్టింది.

ఇంటికి వచ్చాక ఆయన మొదట చేసిన పని వాచీలో నూటడెబ్భై ఒకటి తీసేసి నూటతొంభై పెట్టడం. ఆవిడ చూస్తూ కూర్చుంది. గది కాస్త పెద్దదయింది, తలుపు మాత్రం అలాగే ఉంది. ఇకనుంచి పరుగులో మోగదు, నిజమే. కానీ షాపులో మోగుతుంది, మంచం మీద మోగుతుంది, మూడు ఫోన్లలో ఆవిడ లోపలంతా తెరిచే ఉంటుంది. గెలిచానని ఎవరికి చెప్పుకోవాలి?

ఆ సాయంత్రం అత్తగారు తన ఫోను తెచ్చి కోడలి ఒళ్లో పెట్టింది.

"ఇందులోంచి నీది తీసెయ్యమ్మా."

"ఎందుకత్తయ్యా? నేనేం అనుకోను."

"నువ్వు అనుకుంటావని కాదు. నాకే పడటం లేదు. అది కాస్త పెరిగితే నా ప్రాణం పోతోంది, తగ్గితే ఇంకా తగ్గుతుందేమోనని చూస్తున్నాను. చిన్నాడిది ఎవరికీ తెలియలేదు. తెలిస్తే ఆపేవాళ్లమేమో, ఏమో. నీది తెలిసి నేను చేస్తున్నదేముంది? చూస్తూ కూర్చోవడమేగా." ఆవిడ కొడుకు వైపు తిరిగింది. "నువ్వూ తీసెయ్యరా."

భర్త లేచి వరండాలోకి వెళ్లిపోయాడు. చాలాసేపటికి వచ్చి, కూతురికి ఫోను చేసి తీసెయ్యమని చెప్పాడు. తనది తీయలేదు. భార్య ముందు నిలబడి, "నా వల్ల కాదు. ఒక్కసారిగా తీసెయ్యలేను" అన్నాడు.

"వాచీ నేను పెట్టుకోనండీ" అంది ఆవిడ. "షాపులో పెట్టుకోను, ఇంట్లో పెట్టుకోను, మైదానంలో పెట్టుకోను. మీకు చూడాలనుంటే నన్ను చూడండి."

ఆయన ఆ మాటని ఉన్నదున్నట్టుగా తీసుకున్నాడు. మర్నాటినుంచి మైదానానికి రావడం మొదలుపెట్టాడు. ఆవిడ ఒకవైపు పరిగెడుతుంటే ఆయన రెండోవైపునుంచి నడుచుకుంటూ వచ్చేవాడు. ప్రతి చుట్టులోనూ ఎదురుపడేవారు. ఎదురుపడ్డప్పుడల్లా ఆవిడ ముఖంలోకి తేరిపార చూసేవాడు. పెదాలు నల్లబడ్డాయా, కళ్లు తేలేస్తోందా అని. ఆవిడ దూరంనుంచే ఆయన్ని చూసి, రొప్పు ఆపుకుని, ముఖం సర్దుకునేది. "బాగున్నాను" అని తలాడించేది. ఆయన దాటిపోయాక ఊపిరి వదిలేది. వాచీ చేతులు మారినప్పుడు అబద్ధం అదే చెప్పేది. ఇప్పుడు ఆ పని కూడా తనే చేయాల్సి వస్తోంది.

"పెనం మీంచి పొయ్యిలో పడ్డావు వదినా" అంది బ్యాంకావిడ.

"పొయ్యి నయం. దానికి మూత ఉండదుగా" అంది ఈవిడ.

కోపం వచ్చిన రోజులున్నాయి. నడుము మీద చెయ్యి వేసుకుని, మోకాలి నొప్పితో కుంటుతూ ఎదురొస్తున్న మనిషిని చూసి ఆ కోపం ఎక్కడ పెట్టాలో తెలియని రోజులూ ఉన్నాయి. తమ్ముడు వంగినప్పుడు నవ్వుతున్న మనిషి ఇక జన్మలో ఎప్పుడూ చూపు తిప్పుకోడేమో అనుకునేది.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక పొద్దున, మైదానం అవతలి పక్క సిమెంటు బెంచీ మీద కూర్చున్న ఒక ముసలాయన భర్తని ఆపాడు. తమ భవనంలో లిఫ్టు మూడో అంతస్తులో ఆగినప్పుడల్లా ఎందుకు కుదుపుతుందని అడిగాడట. ఆవిడ ఆ మలుపు తిరిగేసరికి భర్త బెంచీ అంచున కూర్చుని, ముసలాయనకి చేతులతో గాలిలో తాడూ చక్రం గీసి చూపిస్తున్నాడు. ఆవిడ అలవాటుగా ముఖం సర్దుకుంది. ఆయన చూడలేదు. పక్కనుంచి, చెయ్యి చాపితే అందేంత దగ్గరనుంచి దాటింది. చూడలేదు.

ఆవిడ రొప్పుని అలాగే వదిలేసింది. నోరు తెరిచి, ముఖం ఎలా ఉంటే అలా ఉండనిచ్చి, ఆ చుట్టంతా గట్టిగా పరిగెత్తింది. మళ్లీ మలుపు దగ్గరికి వచ్చినప్పుడు కూడా ఆయన చెబుతూనే ఉన్నాడు.